పసిపిల్లల వార్డులో క్లెబ్సియెల్లా: అన్నీ ఒకటేనా అని డీఎన్‌ఏతో తేల్చుకున్న నా అనుభవం

థీసిస్ పోయిన నెల యూనివర్సిటీకి పంపేశాను. అప్పటి నుంచి జూనియర్ల ఫోన్లు ఆగడం లేదు. "అక్కా, డీఎన్‌ఏ టైపింగ్ మన కాలేజీలో అయ్యే పనేనా? ఎంతవుతుంది? ఎన్నాళ్ళు పడుతుంది?" డీఎన్‌ఏ టైపింగ్ అంటే, వేర్వేరు చోట్ల దొరికిన క్రిములు ఒకే వంశానివా కాదా అని వాటి డీఎన్‌ఏ పోల్చి చూడడం. అందరికీ కలిపి ఒకేసారి చెప్పేద్దామని రాస్తున్నాను. నేను కోస్తాలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ పీజీని. ఆసుపత్రి పేరు గానీ, నాకు సాయం చేసిన ల్యాబుల పేర్లు గానీ రాయను. కొన్ని విషయాలు మొహమాటం లేకుండా చెప్పాలంటే అదే మంచిది.

2023 ఆగస్టు రెండో వారం. ఎస్‌ఎన్‌సీయూ నుంచి, అంటే పసిపిల్లల వార్డు నుంచి, వచ్చిన బ్లడ్ కల్చర్ బాటిళ్ళు మెషీన్‌లో వరసగా పాజిటివ్ కొట్టడం మొదలుపెట్టాయి. గ్రామ్ స్టెయిన్‌లో లావుపాటి ఎర్రటి కడ్డీలు. మ్యాకాంకీ ప్లేటు (క్రిములను పెంచే పళ్ళెం) మీద లూప్ తాకించి పైకి లేపితే తీగలా సాగే జిగట కాలనీలు. క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా. సెన్సిటివిటీ, అంటే ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో, చూస్తే మెరోపెనెమ్ పనిచేయదు, అమికాసిన్ పనిచేయదు, ఇక మిగిలింది కొలిస్టిన్, టైగెసైక్లిన్. నెలాఖరుకు పన్నెండు మంది పిల్లల రక్తంలో ఇదే వచ్చింది. వాళ్ళలో నలుగురు దక్కలేదు.

రిపోర్టు కోసం ల్యాబ్ కిటికీ దగ్గరకు వచ్చే తండ్రుల మొహం చూడాలంటే భయం వేసేది. ఒకాయన, చేపల వేటకు వెళ్ళే మనిషి, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "డాక్టరమ్మా, పక్క బిడ్డకీ ఇదేనంట గదా. మావోడికి అక్కణ్ణుంచే అంటుకుందా?" అని అడిగాడు. తర్వాత రెండేళ్ళూ నేను చేసిందంతా ఆ ప్రశ్న మీద పనే. ఆ రోజు మాత్రం "చూస్తున్నామండీ" అని ఊరుకున్నాను.

వార్డులో అప్పటికే ఎవరి తీర్పు వాళ్ళు ఇచ్చేశారు. పిల్లల డాక్టర్లు, ప్రైవేటు నర్సింగ్ హోమ్ నుంచి రిఫర్ అయి వచ్చిన ఒక బిడ్డ ఈ క్రిమిని తెచ్చిందన్నారు. నర్సులు, మూలనున్న సింకు ఎప్పుడూ పొంగుతుంది, అదే కారణమన్నారు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ మీటింగులో ఒకరు చేతుల శుభ్రత గురించి ఎత్తగానే హెడ్ నర్స్, "చివరికి మా చేతుల మీదికే వస్తుందని నాకు తెలుసు" అని పైకే అనేసింది.

మా మేడమ్, అంటే నా గైడ్, నన్నూ ఇంకో పీజీనీ స్వాబులతో పంపారు. సింకు గొట్టం, సక్షన్ బాటిళ్ళు, ఆక్సిజన్ హ్యూమిడిఫయర్‌లో నీళ్ళు, వార్మర్ల (పిల్లలను వెచ్చగా ఉంచే బల్లల) నాబ్‌లు, పాలు పట్టే ఉగ్గుగిన్నెలు, స్టెతస్కోపులు, డ్యూటీలో ఉన్నవాళ్ళ చేతులు, అన్నిటి నుంచీ తీశాం. ట్రాలీ మీద అర లీటరు సెలైన్ బాటిల్ ఒకటి ఉంది. మూతకు సూది గుచ్చి అలాగే వదిలేశారు. ఇంజెక్షన్ పొడి కలపాలన్నా, కాన్యులా (నరంలో ఉంచే సన్న గొట్టం) ఫ్లష్ చేయాలన్నా పిల్లలందరికీ అందులోంచే లాగుతున్నారు. ఎప్పుడు తెరిచారో రాసి లేదు. పది ఎంఎల్ యాంపూల్స్ కోసం ఇండెంట్ పెట్టి పెట్టి విసిగిపోయామని సిస్టర్ చెప్పింది. రాత్రిపూట ఇరవై పైగా పిల్లలకు ఇద్దరే నర్సులు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకైతే నోరు రాలేదు.

రెండు చోట్ల క్లెబ్సియెల్లా పెరిగింది: సింకు గొట్టంలో, సెలైన్ బాటిల్‌లో. రెండిటి సెన్సిటివిటీ కూడా పిల్లలదానిలాగే ఉంది. చేతుల స్వాబుల్లో ఏమీ రాలేదు. ప్లేటు చూసిన గంటలోనే మేడమ్ వార్డుకు ఫోన్ చేసి అలా బాటిల్ వాడడం ఆపించారు. అదే వారం సింకులో క్రిములను చంపే హైపోక్లోరైట్ పోశారు, రిఫర్ అయి వచ్చిన పిల్లలను వేరే గదిలోకి మార్చారు, ప్రతి వార్మర్ దగ్గరా హ్యాండ్‌రబ్ తగిలించారు. సెప్టెంబరు మధ్యకు కొత్త కేసులు ఆగాయి. అన్నీ ఒకేసారి చేయడంతో దేనివల్ల ఆగిందో ఎవరికీ తెలియలేదు. "ఆగింది సరే, ఎందుకాగిందో చెప్పగలవా?" అని మేడమ్ అడిగారు. నా థీసిస్ అలా మలుపు తిరిగింది.

ఇక్కడ ఒక సంగతి. డీఎన్‌ఏ రిజల్ట్ వచ్చేదాకా వార్డులో ఏదీ ఆపకూడదనుకుంటే పిల్లలు బతకరు. నాకు చివరి జవాబు దాదాపు ఏడాది తర్వాత వచ్చింది. ఆ జవాబు వ్యాప్తిని ఆపడానికి కాదు, జరిగింది ఏమిటో తేల్చడానికి పనికొచ్చింది.

అన్నిటికంటే ముందు కావాల్సింది స్టాక్, అంటే దాచిపెట్టిన క్రిములు. పిల్లల ఐసొలేట్లు, అంటే వాళ్ళ రక్తం నుంచి వేరు చేసి పెంచిన క్రిములు, ఎలాగూ దాస్తారు, కానీ స్వాబుల ప్లేట్లు రిపోర్టు రాయగానే క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌కి పోతాయి. టెక్నీషియన్ బుట్ట తీసుకెళ్ళక ముందే సింకు, బాటిల్ ప్లేట్ల నుంచి మూడేసి కాలనీలు తీసి పెట్టుకున్నాను. ఒక సెట్టు గ్లిసరాల్‌లో వేసి, కోవిడ్ సమయంలో వచ్చిన మైనస్ 80 ఫ్రీజర్‌లో బతిమాలి పెట్టించాను. ఇంకో సెట్టు పాతకాలం పద్ధతిలో చేశాను: చిన్న ట్యూబులో సగం గట్టిపడిన న్యూట్రియెంట్ అగర్, మధ్యలోకి సూదితో ఒక పోటు, పైన పారఫిన్, తర్వాత డ్రాయర్‌లో. మే నెలలో కరెంటు కోతలకు ఫ్రీజర్ రెండు రోజులు మొరాయించినప్పుడు నాకు నిద్ర పట్టింది ఆ డ్రాయర్ ఉండబట్టే. దీంతో పాటు ఏ బిడ్డ ఏ తేదీన చేరింది, ఏ వార్మర్ మీద ఉంది, ఎప్పుడు కాన్యులా పెట్టారు అన్నవన్నీ కేస్ షీట్లు రికార్డ్ రూమ్‌కి పోకముందే నోట్సు రాసుకున్నాను. తర్వాత వెతికితే దొరికేవి కావు.

ఎథిక్స్ కమిటీకి సవరణ పెడితే రెండు నెలలు పట్టింది. అక్కడ ఒక సభ్యుడు అడిగిన ప్రశ్న నేను ఊహించనిది: "పసిపిల్లల డీఎన్‌ఏ చదువుతున్నారా? తల్లిదండ్రులను అడిగారా?" చదివేది క్రిమి డీఎన్‌ఏ, బిడ్డది కాదు అని రెండు పేరాలు రాసివ్వాల్సి వచ్చింది. మీరు మొదటి అప్లికేషన్‌లోనే ఆ మాట రాసేయండి.

నవంబరులో ఎరిక్ పీసీఆర్‌తో మొదలుపెట్టాం, చౌక కాబట్టి. ఎరిక్ అనేది క్రిమి డీఎన్‌ఏలో పలుచోట్ల ఉండే ఒక వరస; వాటి మధ్య ముక్కలను పీసీఆర్‌తో పెంచి, జెల్ మీద కరెంటుతో సైజు ప్రకారం విడదీస్తే ఒక్కో ఐసొలేట్‌కు ఒక లేన్, అందులో గీతల్లా బ్యాండ్లు వస్తాయి. దానికి కావాల్సిన ప్రైమర్లు, అంటే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, వారంలో వచ్చాయి. ట్యూబు తెరిస్తే ఖాళీగా కనిపిస్తుంది, అడుగున కంటికి ఆనని పొడి ఉంటుంది, అందుకే తెరవకముందు సెంట్రిఫ్యూజ్‌లో స్పిన్ చేయాలి (గిరగిరా తిప్పాలి). కాలనీని నీళ్ళలో కలిపి పది నిమిషాలు మరిగించి, స్పిన్ చేసి, పైన తేరిన ద్రవం తీసుకుంటే అదే డీఎన్‌ఏ. కోవిడ్ పుణ్యమా అని కాలేజీలో ఆర్‌టీ-పీసీఆర్ మెషీన్లు ఖరీదైనవి ఉన్నాయి, కానీ వాటి మీద వేరేవాళ్ళ పని వరసలో ఉంటుంది. మా పనికి కావాల్సిన మామూలు థర్మల్ సైక్లర్ బయోకెమిస్ట్రీలో దుమ్ము పట్టి కనిపించింది. మొత్తం ఖర్చు ఆరేడు వేలు, సొంత డబ్బే.

జెల్ మీద పిల్లల లేన్లు చాలావరకు ఒకేలా కనిపించాయి. బాటిల్ లేన్ కూడా అంతే. సింకుదే తేలలేదు. ఒక రోజు అన్నీ కలిసినట్టే ఉంటుంది, మళ్ళీ చేస్తే మధ్యలో ఒక బ్యాండ్ మాయం. ఎరిక్‌తో ఉన్న ఇబ్బందే ఇది. మాస్టర్ మిక్స్ మారినా, మెషీన్ మారినా బ్యాండ్లు అటూ ఇటూ అవుతాయి. పోల్చాల్సినవన్నీ ఒకే బ్యాచ్‌లో, ఒకే జెల్ మీద వేస్తేనే దానికి విలువ. వేసినా, "వేరు" అంటే కొంత నమ్మొచ్చు గానీ "ఒకటే" అంటే నేను నమ్మను.

2024 ఫిబ్రవరిలో పీఎఫ్‌జీఈ (డీఎన్‌ఏని పెద్ద ముక్కలుగా కోసి జెల్ మీద విడదీసే పద్ధతి) నేర్చుకోవడానికి హైదరాబాద్ వెళ్ళాను. మేడమ్ క్లాస్‌మేట్ ఒకరు ఒక పరిశోధన సంస్థలో ఉన్నారు, వాళ్ళ దగ్గర పరికరం ఉంది. పరికరానికి డబ్బు తీసుకోలేదు, ఎంజైమ్, అగరోజ్ మమ్మల్నే తెచ్చుకోమన్నారు. అవీ హాస్టల్ అద్దె, తిండీ కలిపి పాతిక వేలు దాటింది. హాస్టల్ ఓనరమ్మకు డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అని చెప్తే, "సీసీఎంబీలో లాల్జీ సింగ్ గారు చేసిందే కదా, హంతకులను పట్టుకునేది" అంది. క్రిములకు కూడా చేస్తారంటే నమ్మలేదు.

పీఎఫ్‌జీఈ ఓపికకు పరీక్ష. మామూలుగా డీఎన్‌ఏ తీస్తే దారాలు తెగిపోతాయి. ఇందులో తెగకూడదు కాబట్టి, బతికున్న క్రిములనే కరిగించిన అగరోజ్‌లో కలిపి చిన్న అచ్చుల్లో పోస్తాం. పాలకోవా ముక్కల్లాంటి ప్లగ్‌లు వస్తాయి. వాటిని ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్ కె ఉన్న ద్రవంలో 54 డిగ్రీల దగ్గర ఉంచితే క్రిమి గోడలు కరిగిపోయి డీఎన్‌ఏ మాత్రం ప్లగ్‌లోనే చెక్కుచెదరకుండా ఉంటుంది. తర్వాత కడగడం. వేడి నీళ్ళతో, బఫర్‌తో, మళ్ళీ మళ్ళీ కడగాలి. కడిగేటప్పుడు ప్లగ్ చిట్లితే పని మళ్ళీ మొదటికొస్తుంది. ఆ తర్వాత బ్లేడుతో రెండు మిల్లీమీటర్ల ముక్క కోసి ఎక్స్‌బా-1 ఎంజైమ్‌లో వేయాలి. అది జీనోమ్‌ని కొద్ది చోట్లే కోస్తుంది కాబట్టి ముక్కలు పెద్దవి, లెక్కపెట్టగలిగేన్ని. వాటిని దువ్వెన పళ్ళ మీద వరసగా అంటించి చుట్టూ జెల్ పోసి, 14 డిగ్రీల చల్లటి బఫర్‌లో కరెంటు దిశ మారుస్తూ పంతొమ్మిది గంటలు నడపాలి. కొలతకు పక్కన సాల్మొనెల్లా బ్రేండెరప్ హెచ్9812 లేన్లు. చాలా దేశాల ల్యాబుల్లో అదే స్కేలు.

మొదటి జెల్‌లో మా క్లెబ్సియెల్లా లేన్లు సగం బ్యాండ్లుగా రాలేదు, పొగలా సాగిపోయాయి. నాకు టెన్షన్. అక్కడి సీనియర్ స్కాలర్ మాత్రం నవ్వి, కొన్ని స్ట్రెయిన్ల డీఎన్‌ఏ ట్రిస్ బఫర్‌లో కరెంటు పెడితే తెగిపోతుందని చెప్పి బఫర్‌లో కాస్త థయోయూరియా కలిపాడు. తర్వాతి రోజు పొద్దున యూవీ వెలుగులో లేన్లన్నీ నిచ్చెన మెట్లలా స్పష్టంగా నిలబడ్డాయి. క్లెబ్సియెల్లా మీద పని చేసేవాళ్ళు ముందే థయోయూరియా కొనిపెట్టుకోండి.

బ్యాండ్లు చదవడానికి 1995లో టెనోవర్ బృందం పెట్టిన లెక్క ఇప్పటికీ అందరూ వాడేదే. తేడా లేకపోతే ఒకటే, రెండు మూడు బ్యాండ్ల తేడా అయితే దగ్గరి చుట్టరికం, నాలుగు నుంచి ఆరు అయితే చుట్టరికం ఉండొచ్చు, ఏడు గానీ అంతకు మించి గానీ అయితే వేరు. ఆ లెక్కన పదకొండు మంది పిల్లలవి ఒకటే, లేదా రెండు బ్యాండ్ల లోపు తేడా. సెలైన్ బాటిల్‌దీ అదే వరస. సింకుది పూర్తిగా వేరు. పన్నెండో బిడ్డ, అంటే నర్సింగ్ హోమ్ నుంచి వచ్చిందని అందరూ వేలు చూపించిన బిడ్డది, సింకుతో కలిసింది. మిగతా పదకొండు మందితో దానికి సంబంధమే లేదు.

సెన్సిటివిటీ రిపోర్టు మమ్మల్ని రెండు వైపులా మోసం చేసిందని అప్పుడు అర్థమైంది. పన్నెండు మందిలో ఒక్కరి ఐసొలేట్ మాత్రం అమికాసిన్‌కు లొంగేది కావడంతో అది వేరే క్రిమి అని మొదట్లోనే పక్కన పెట్టేశారు. జెల్ మీద అది పదకొండులో ఒకటి. సింకుదేమో రిపోర్టులో అచ్చం అలాగే ఉండి, జెల్ మీద పరాయిది.

ఇక్కడితో ఆగొచ్చు. అమెరికాలో ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ పల్స్‌నెట్, అంటే తిండి ద్వారా వచ్చే జబ్బుల వ్యాప్తిని పట్టే ల్యాబుల నెట్‌వర్క్, 1996 నుంచి ఏళ్ళ తరబడి ఈ పీఎఫ్‌జీఈ మీదే నడిచింది. కానీ 2019లో వాళ్ళు పూర్తిగా సీక్వెన్సింగ్‌కి, అంటే క్రిమి డీఎన్‌ఏ మొత్తం అక్షరం అక్షరం చదవడానికి, మారిపోయారు. 2025లో థీసిస్ ఇచ్చేటప్పుడు ఎగ్జామినర్ ఆ ప్రశ్న వేయకుండా ఉండడని మేడమ్ అన్నారు. డబ్బు చూసుకుని ఎనిమిది ఐసొలేట్లు ఎంచాం: ఐదుగురు పిల్లలవి, బాటిల్‌ది, సింకుది, రిఫర్ అయిన బిడ్డది. ఒక్కోదానికి తొమ్మిది వేలు, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం ఎనభై అయిదు వేలు దాకా తేలింది. సగం కాలేజీ రీసెర్చ్ ఫండ్ ఇచ్చింది, మిగతాది అన్నయ్య దగ్గర తీసుకున్నాను.

2024 జూన్‌లో పంపబోతే కొరియర్ ఆఫీసులో గొడవ. పెట్టె మీద క్రిమి పేరు చూసి తీసుకోనన్నారు. బతికున్న క్రిమి పంపాలంటే మూడు పొరల ప్యాకింగ్, వేరే కాగితాలు, వేరే రేటు. మాది ఉత్త డీఎన్‌ఏ, దాంతో జబ్బు రాదు అని డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం పెట్టించాక తీసుకున్నారు. రెండు వారాల తర్వాత అటు నుంచి మెయిల్: రెండు శాంపిళ్ళు క్వాలిటీలో ఫెయిల్. ఈ క్రిమికి చుట్టూ ఉండే జిగట పొర డీఎన్‌ఏతో పాటే వచ్చి కిట్ కాలమ్‌ని పట్టేస్తుంది. తక్కువ కాలనీలు తీసుకుని ఒక వాష్ ఎక్కువ వేస్తే బాగా వచ్చింది. ఆ తర్వాత ఎదురుచూపులే. తగినన్ని శాంపిళ్ళు పోగయితే గానీ వాళ్ళు మెషీన్ నడపరు, ఆ మాట ముందు చెప్పరు. సెప్టెంబరులో డేటా వచ్చింది, అదీ కొద్ది రోజుల్లో పనిచేయకుండా పోయే లింకు రూపంలో. మా హాస్టల్ వైఫైతో కుదరక, రాత్రి లైబ్రరీలో కూర్చుని దించుకున్నాను.

నాకు కోడింగ్ రాదు. పాథోజన్‌వాచ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఎక్కిస్తే క్లెబ్సియెల్లా రకం, రెసిస్టెన్స్ (మందులను అడ్డుకునే) జీన్లు అన్నీ అదే చెప్పింది. ఒక్కో అక్షరం తేడా లెక్కపెట్టడానికి, అంటే ఎస్‌ఎన్‌పీలకు, గెలాక్సీ అనే ఆన్‌లైన్ సర్వర్ వాడాను. ఏ జీనోమ్‌ని ఆధారంగా పెట్టి పోలిస్తే ఆ లెక్క దాన్నిబట్టి మారుతుంది, కాబట్టి ఏది వాడారో థీసిస్‌లో రాయాలి.

యాభై లక్షలకు పైగా అక్షరాల్లో ఐదుగురు పిల్లలవీ బాటిల్‌దీ మధ్య తేడా సున్నా నుంచి ఆరు. ఇరవై, పాతిక లోపు ఉంటే ఒకే వ్యాప్తి అని క్లెబ్సియెల్లాకి చాలామంది పెట్టుకునే గీత, మావి దానికి ఎంతో కింద. అవి ఎస్‌టీ147 (ఎస్‌టీ అంటే క్రిమి వంశానికి ఇచ్చే నంబరు), మెరోపెనెమ్‌ను పనిచేయనివ్వని ఎన్‌డీఎం జీన్ ఉన్నవి. సింకుదీ రిఫర్ అయిన బిడ్డదీ ఎస్‌టీ231, అదే పని చేసే ఆక్సా-232 జీన్‌తో. వాటి రెంటి మధ్య మూడు తేడాలు, మొదటి గుంపుతో వేలల్లో తేడాలు. రెండు రకాలూ మన దేశంలో మామూలుగా తిరిగేవే, రెండిటికీ మెరోపెనెమ్ పనిచేయదు, అందుకే రిపోర్టులో కవలల్లా కనిపించాయి. మా దగ్గర సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే మందును పరీక్షించే డిస్కు ఉండి ఉంటే తేడా అనుమానం అప్పుడే వచ్చేది: ఆక్సా రకం సాధారణంగా దానికి లొంగుతుంది, ఎన్‌డీఎం లొంగదు. అమికాసిన్‌కు లొంగిన ఐసొలేట్‌లో ఆ మందును అడ్డుకునే జీనే లేదు. సాధారణంగా ప్లాస్మిడ్ (క్రిమిలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉండే జీన్ అది, దారిలో ఎక్కడో జారిపోయి ఉంటుంది. చిన్న ముక్కల సీక్వెన్సింగ్ కాబట్టి ప్లాస్మిడ్ మొత్తం కలిపి చూడలేకపోయాను.

వేటకు వెళ్ళే ఆయన బాబుదీ పక్క బాబుదీ తేడా సున్నా. అయినా ఇది పక్క బిడ్డ నుంచి వచ్చిందని చెప్పలేను. ఎస్‌ఎన్‌పీలు చుట్టరికం చెబుతాయి గానీ ఎవరి నుంచి ఎవరికి పోయిందో చెప్పవు. అర లీటరు బాటిల్ ఆ వార్డులో ఒకటి రెండు రోజులకే అయిపోతుంది. ఆగస్టు రెండో వారంలో జబ్బు పడిన పిల్లలకు ఎక్కించింది, నెలాఖరులో నేను స్వాబు తీసిన బాటిల్‌లోది కాదు. అంటే బాటిలే కారణమైతే, కొత్తది తెరిచినప్పుడల్లా అదే క్రిమి అందులోకి చేరుతూ ఉండాలి. బిడ్డ కాన్యులాకు తగిలిన సిరంజితో మళ్ళీ లాగారా, చేతుల నుంచా అన్నది తేదీలతో అల్లుకోవాల్సిన కథ, నా నోట్సు అంతవరకే తోడ్పడ్డాయి. చేతుల స్వాబుల్లో ఏమీ రాలేదంటే, మేం వెళ్ళిన ఆ పూట లేదనే.

అక్టోబరులో కమిటీ ముందు ఇదంతా చూపించాను. రిఫర్ అయి వచ్చిన పిల్లల గురించి మాట్లాడినవాళ్ళు ఆ రోజు మాట్లాడలేదు. హెడ్ నర్స్ మాత్రం అంతా విని, "అంటే మా చేతులు కాదని ఈ పరీక్ష చెప్పలేదు కదమ్మా" అంది. చెప్పలేదు సిస్టర్ అన్నాను. "అయితే రాత్రి డ్యూటీకి ఎంతమంది ఉన్నారో కూడా అందులో రాయండి" అంది. మేడమ్ ఒప్పుకున్నారు, మినిట్స్‌లో ఆ వాక్యం ఉంది. పది ఎంఎల్ యాంపూల్స్ రెండు నెలలకు వచ్చాయి. మూడో నర్సు పోస్టు ఇంకా రాలేదు. సింకు మాత్రం మార్చేశారు. దానికి నిధులు 2023లోనే మంజూరయ్యాయి, వాడకపోతే వెనక్కి పోతాయట.